పెట్టెయా, ప్రతియా? : పండితగృహములలో గ్రంథచిత్రముల రక్షణ

ఈ పత్రికలో ఇంతవరకు నేను వ్రాసిన వ్యాసములు శబ్దశాస్త్రమునకు సంబంధించినవి. ఇప్పుడు హార్డ్ డిస్కులను గూర్చి వ్రాయబూనుట చూచి విద్వన్మిత్రులు కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. పాఠశాలలో చాపపై కూర్చుండి కౌముది వల్లెవేసినవానికి డెబ్బది నాలుగవ యేట ఈ యంత్రచర్చ యేల అని అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. సమాధానముగా ముందు మా యింట జరిగిన యొక నష్టమును నివేదించుకొందును.

మా గురువుగారు స్వహస్తముతో వ్రాసికొనిన వ్యాకరణ టిప్పణి యొకటి వారి అనంతరము నా వశమైనది. దారముతో కుట్టిన చేతికాగితపు పుస్తకము, 86 పత్రములు. అచ్చు కాలేదు. 2012లో శిష్యుడొకడు మా యింటనున్న తాళపత్రముల కట్టలతోపాటు దానిని కూడ స్కాను చేసి, అరచేతిలో ఇమిడెడి హార్డ్ డిస్కులో ఎక్కించి నాకు సమర్పించెను. నేను ఆ డిస్కును గ్రంథమువలె ఎర్రబట్టలో చుట్టి, బీరువాలో భద్రపరచితిని. ఏడేండ్లు దానిని ఎవ్వరును కదల్చలేదు. ఈలోగా ఒక వర్షాకాలమున గోడ చెమర్చి, చెదలు పట్టి, కాగితపు పుస్తకము పొడియైపోయినది. దుఃఖించితిని గాని, చిత్రములున్నవి గదా అని ధైర్యము చెప్పుకొంటిని. 2019లో పరిశోధక విద్యార్థి యొకడు ఆ టిప్పణిని చూడగోరగా, డిస్కును బయటికి తీసి కంప్యూటరునకు తగిలించితిమి. అది నాలుగు మార్లు టిక్కు టిక్కుమని ఊరకుండినది. నగరమున మరమ్మతు చేయువారు నెల దినములుంచుకొని తిరిగి పంపివేసిరి.

ఇప్పుడు ఆ టిప్పణిలో మిగిలినవి 31 పత్రముల పాఠము మాత్రమే. అవియైనను మిగులుటకు కారణము, నా సహాధ్యాయి యొకరు 1971లో పరీక్షకు చదువుకొనుటకై ఆ భాగమును తన నోటుపుస్తకములో ఎత్తి వ్రాసికొనియుండుట. నేను భద్రపరచినది పోయినది; ఆయన వాడుకొనినది మిగిలినది.

ఈ నష్టమునకు డిస్కును నిందించి ప్రయోజనము లేదు. తిరుగు భాగములు గల యంత్రము ఏనాడో ఒకనాడు ఆగును. తాళపత్రమునకు పనికివచ్చిన మర్యాదను తాళపత్రము కాని వస్తువునకు చేసితిని, దోషము నాది. ఈ దోషము నా యొక్కనిదే కాదని, ఎన్నో పండితగృహములలో నేడును జరుగుచున్నదని తెలిసికొనిన మీదట ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

విషయము

మన ప్రాచీనగ్రంథములన్నియు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునను, తంజావూరు సరస్వతీమహలునను, తిరుపతి ప్రాచ్యపరిశోధనాలయమునను మాత్రమే లేవు. అటుకలమీద, దేవుని గదులలో, పాతపెట్టెలలో ఉన్నవి ఎన్నో. 2003లో కేంద్రప్రభుత్వము జాతీయ పాండులిపి మిషన్‌ను నెలకొల్పినది. 2025 బడ్జెట్టులో జ్ఞానభారతం పేర కోటికి పైబడిన వ్రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, సంరక్షించు సంకల్పము ప్రకటింపబడినది. సంతోషము. కాని ఆ కార్యము మన గడపకు వచ్చునంతవరకు చెదలు వేచియుండవు గదా. కావున మనుమలు, శిష్యులు కెమెరాలతోను స్కానర్లతోను చిత్రములు తీయుచున్నారు. తీసినవాటిని ఎక్కడ ఉంచవలెనన్న ప్రశ్నకు మాత్రము తగిన విచారము జరుగుటలేదు.

ఇప్పుడు అంగడిలో "నాస్" అను పెట్టెలు దొరకుచున్నవి. నెట్‌వర్కు స్టోరేజి అని దాని భావము. చిన్న నిఘంటువంత పెట్టె. అందు రెండో నాలుగో అరలు. ఒక్కొక్క అరలో ఒక్కొక్క హార్డ్ డిస్కు. దానిని ఇంటిలోని రౌటరునకు తీగతో కలిపినచో ఇంట నున్న కంప్యూటర్లు, ఫోనులు అన్నియు అందలి దస్త్రములను చదువగలవు. అట్టి పెట్టె కొనవలెనా? కొన్నచో ఎట్టిది? అందులోనికి ఎట్టి డిస్కులు? ఇది విషయము.

ముందు పరిమాణము తెలియవలెను. ఒక తాటియాకు 40 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు అనుకొందము. అంగుళమునకు 600 చుక్కల చొప్పున రంగులలో స్కాను చేసి, కుదింపులేని టిఫ్ రూపమున దాచినచో ఒక్కొక్క ప్రక్క సుమారు 27 మెగాబైట్లగును. 200 ఆకుల కట్టకు రెండు ప్రక్కలు కలిపి 400 చిత్రములు. అనగా సుమారు 11 గిగాబైట్లు. అట్టి కట్టలు నూరున్న యింటికి సుమారు 1.1 టెరాబైట్లు. వేదపాఠముల ధ్వనిముద్రణలు, అచ్చుపుస్తకముల పీడీఎఫ్‌లు చేరినను రెండు టెరాబైట్లు దాటుట అరుదు. ఈ లెక్క చేయకయే ఇరువది టెరాబైట్ల డిస్కులకు పరుగెత్తుట, ఇంట నలుగురున్నప్పుడు సంతర్పణపు గుండిగలు కొనుటవంటిది.

పూర్వపక్షములు

ఇందు మూడు పక్షములు వినవచ్చుచున్నవి.

మొదటి పక్షము: ఇంట పెట్టెయే వలదు, ఇంటర్నెట్టులోని క్లౌడులో ఉంచిన చాలును. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. అగ్ని, జలము, చౌర్యము మన యింటికి వచ్చినను అక్కడి ప్రతి ఉండును. కాని ఆ యిల్లు మనది కాదు; దాని నియమములు యజమాని మార్చగలడు. గూగుల్ ఫోటోలలో ఉచితముగా ఎన్ని చిత్రములనైనను దాచుకొను సౌకర్యము 2021 జూన్ 1తో ముగిసినది. రెండేండ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగింపవచ్చునను నియమమును ఆ సంస్థ 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుండి అమలులో పెట్టినది. నావంటి వృద్ధుని ఖాతా నాతోపాటే మూగపోవునెడల, రెండేండ్లలో సాంవత్సరికములు జరుగును గాని సంకేతపదము దొరకదు. కావున క్లౌడు ఒక ప్రతికి స్థానము కావచ్చును. ఏకైక ప్రతికి కారాదు.

రెండవ పక్షము: ఒక డిస్కునో పెన్‌డ్రైవునో భద్రముగా బీరువాలో ఉంచుట. దీని ఫలమును పైన చెప్పియే యున్నాను. పెన్‌డ్రైవులో అక్షరములు విద్యుదావేశరూపమున నిలుచును. విద్యుత్తు తగులక ఏండ్లు గడచినచో ఆ ఆవేశము క్రమముగా జారిపోవును. భద్రముగా మూసియుంచుటయే దానికి అపాయము.

మూడవ పక్షము బలమైనది: రెండు డిస్కుల పెట్టె కొని, వ్రాసిన ప్రతి అక్షరము రెంటియందును పడునట్లు చేసినచో, ఒకటి చచ్చినను రెండవది యుండును గదా, ఇంకేమి కావలెను? దీనిని రెయిడ్ అందురు. 1988లో బర్కిలీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు ప్రకటించిన వ్యాసముతో ఈ పేరు వ్యాప్తికి వచ్చినది. రెండు డిస్కులు ఒకదానికొకటి ప్రతిబింబముగా నుండుట రెయిడ్ 1. మూడు లేక అంతకెక్కువ డిస్కులలో లెక్కను పంచి దాచుట రెయిడ్ 5. దాని కిటుకు తేలికయైనది. ఒక డిస్కులో 7, రెండవదానిలో 5 ఉన్నవనుకొనుడు. మూడవదానిలో 12 అని వ్రాసియుంచినచో, మూటిలో ఏది పోయినను మిగిలిన రెంటినిబట్టి దానిని రాబట్టవచ్చును. యంత్రము చేయునది సంకలనము కాకపోయినను న్యాయమదియే.

ఇంత చక్కని యేర్పాటు కలిగియు ఈ పక్షము సిద్ధాంతము కాజాలదు. 2021లో మా యింటికి రెండరల పెట్టె తెచ్చి, చెదలు ముట్టని తాళపత్రములను మరల స్కాను చేసి అందులో ఎక్కించితిమి. ఒకనాడు మా మనుమడు దస్త్రముల పేర్లు సరిచేయుచు తెల్లబోయి నా యొద్దకు వచ్చెను.

"తాతయ్యా, పొరపాటున ఒక ఫోల్డరు తీసేశాను. రెండో డిస్కులోనైనా ఉంటుందనుకున్నాను. అందులోనూ పోయింది."

"పోకేం చేస్తుంది నాయనా! చెప్పేవాడు ఒక్కడై, రాసేవాళ్ళు ఇద్దరైతే, చెప్పేవాడి నోరు జారినప్పుడు రెండు పుస్తకాల్లోనూ అదే తప్పు పడుతుంది" అంటిని.

లేఖకుల కాలమున జరిగినదియు నిదియే. ఒకడు చదువగా ఇద్దరు వ్రాసిన ప్రతులను పాఠపరిష్కర్తలు రెండు సాక్ష్యములుగా గణింపరు. సాక్ష్యము ఒక్కటే, కాగితములు రెండు. ప్రతిబింబము డిస్కు మరణమునుండి కాపాడును. మన చేతి తప్పునుండి, దొంగనుండి, పిడుగునుండి, దుష్టప్రోగ్రామునుండి కాపాడదు. ఆనాడు ఆ ఫోల్డరు తిరిగివచ్చుటకు కారణము, రెండు నెలలకు ముందు తీసి మా సహాధ్యాయి యింట ఉంచిన మరియొక డిస్కు.

పెట్టె లక్షణములు

అట్లని పెట్టె నిరర్థకమని నా మతము కాదు. దినదినము వాడుకొనుటకు, నలుగురు చదువుకొనుటకు, ఒక డిస్కు చచ్చిననాడు పని ఆగకుండుటకు అది యుపకరించును. కొనువారికి నా యనుభవముననుసరించి కొన్ని లక్షణములు చెప్పెదను.

పండితగృహమునకు రెండరలు చాలును. నాలుగు, అయిదు అరలు దృశ్యకములు భద్రపరచువారికి, కళాశాలలకు తగినవి. అరలు పెరిగినకొలది డిస్కుల వ్యయము, వేడి, చప్పుడు, చెడుటకు అవకాశము పెరుగును.

ఎవరి డిస్కునైనను అంగీకరించు పెట్టెను కోరవలెను. సినాలజీ సంస్థ 2025లో వెలువరించిన ప్లస్ వరుస పెట్టెలలో తాను ఆమోదించిన డిస్కులనే వాడవలెనని నిర్బంధించి, వాడుకదారుల నిరసనానంతరము అదే యేటి అక్టోబరులో ఆ నిర్బంధమును సడలించినది. మన యింటి తాళమునకు తాళపుచెవి మరియొకరి యొద్ద నుండుట యెట్టిదో దీనినిబట్టి గ్రహింపవలెను.

దస్త్రములలో ఒక్క అక్షరము మారినను కనిపెట్టగల ఏర్పాటు పెట్టెలో ఉండవలెను. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ అను పద్ధతులలో వ్రాసిన ప్రతి భాగమునకు ఒక సరిచూపు సంఖ్య యుండును. దానికి చెక్‌సమ్ అని పేరు. నెలకొకసారి పెట్టె తన డిస్కులను తాను చదువుకొని, సంఖ్య కుదరనిచోట రెండవ డిస్కునుండి శుద్ధపాఠమును తెచ్చుకొనునట్లు అమర్చవచ్చును. మనవారికిది క్రొత్త కాదు. లేఖకులు గ్రంథాంతమున ముప్పదిరెండక్షరములను ఒక గ్రంథముగా లెక్కించి గ్రంథసంఖ్య వేసెడివారు. ఆకు జారిపోయినచో ఆ సంఖ్యచేత తెలిసెడిది. కాని అక్షరము మారిన తెలిసెడిది కాదు. ఆ కొరతను వేదమునందు జట, ఘన మొదలగు వికృతిపాఠములు తీర్చినవి. జటలో రెండు పదములను అనులోమముగను, విలోమముగను, మరల అనులోమముగను చెప్పుదురు. నడుమ స్వరము తప్పినచో చెప్పువానికే చెవిలో గుచ్చుకొనును. చెక్‌సమ్ అట్టి చెవి. స్నాప్‌షాట్ అను సౌకర్యమున్నచో దానిని తప్పక తెరచియుంచవలెను. మేము తెరువక చెడితిమి. తెరచియున్నచో ఆనాటి ఫోల్డరు పెట్టెలోనే దొరకెడిది.

పెట్టెను బయటి ఇంటర్నెట్టుకు తెరచియుంచరాదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అను దుష్టప్రోగ్రాము, ఇంటర్నెట్టుకు తెరచియున్న క్యూనాప్ పెట్టెలలో చొరబడి, దస్త్రములను గూఢలిపిలోనికి మార్చి, విడుదలకు బిట్‌కాయిన్లు కోరినది. విదేశమున ఉన్న కుమారుడు అక్కడనుండియే చూచుకొనవలెనను ముచ్చట ఉండవచ్చును; దానికై వీధితలుపు తెరచి నిద్రించుట తగదు. అతనికి కావలసిన దస్త్రమును వేరుగా పంపినచో సరిపోవును.

విద్యుత్తు విషయమున ఒక మాట. వ్రాయుచుండగా కరెంటు పోయినచో దస్త్రములు చెడవచ్చును. చిన్న యు.పి.ఎస్. పెట్టి, దాని తీగను పెట్టెకు కలిపినచో, కరెంటు పోయిన సంగతి తెలిసికొని పెట్టె తనంతట తానే క్రమముగా ఆగును. పెట్టెకు సుమారు 20 వాట్లు అనుకొన్నచో, ఏడాది పొడవున ఆపక నడపినను 175 యూనిట్లు. నేలమీదను, కిటికీ ప్రక్కను, దీపారాధన పొగ తగులుచోటను ఉంచరాదు.

డిస్కుల లక్షణములు

డిస్కులలో వ్రాతపద్ధతినిబట్టి రెండు జాతులున్నవి. సి.ఎం.ఆర్. పద్ధతిలో వరుసలు విడివిడిగా నుండును. ఎస్.ఎం.ఆర్. పద్ధతిలో ఇంటికప్పు పెంకులవలె ఒక వరుస అంచుమీద మరియొక వరుస ఎక్కియుండును. తక్కువ చోట ఎక్కువ పట్టును. కాని నడుమనున్న పెంకును మార్చవలెనన్న, దానిపైకి ఎక్కిన పెంకులన్నియు తీసి మరల పేర్చవలెను. ఒకసారి వ్రాసి ప్రక్కనుంచు డిస్కునకు దీనివలన హాని లేదు. పెట్టెలో ఒక డిస్కు చచ్చి, క్రొత్తదానిలోనికి మొత్తము పాఠమును ఎక్కించునప్పుడు మాత్రము ఈ పద్ధతి మిక్కిలి జాగు చేయును. ఒక్కొక్కప్పుడు పెట్టె ఆ డిస్కును పనికిరానిదని వెలివేయును. కావున పెట్టెలోనికి సి.ఎం.ఆర్. డిస్కులే కొనవలెను.

పేరును నమ్మి కొనరాదు. నాస్ పెట్టెలకు తగినవని వెస్టర్న్ డిజిటల్ సంస్థ అమ్మిన రెడ్ డిస్కులలో 2 నుండి 6 టెరాబైట్లవరకు గల కొన్ని నమూనాలు ఎస్.ఎం.ఆర్. పద్ధతివని 2020 ఏప్రిల్‌లో బయటపడినది. కొనువారికి ఆ మాట ముందు చెప్పలేదు. అటుపిమ్మట ఆ సంస్థ సి.ఎం.ఆర్. వాటికి రెడ్ ప్లస్ అని వేరుపేరు పెట్టినది. ఒకే శబ్దమునకు రెండర్థములుండుట కావ్యమున శ్లేష, అంగడిలో దోషము. సీగేటు వారి ఐరన్‌వుల్ఫ్ వరుస సి.ఎం.ఆర్. పద్ధతిది. ఏది కొన్నను నమూనాసంఖ్యను తయారీదారు పట్టికతో సరిచూచి కొనవలెను.

నాస్ డిస్కునకు మరియొక గుణము కలదు. చదువరాని భాగము తగిలినప్పుడు సామాన్యపు డిస్కు చాలసేపు పట్టుబట్టి ప్రయత్నించుచు పలుకక యుండును. పెట్టె దానిని చచ్చినదని భ్రమించును. నాస్ డిస్కు కొలది క్షణములలోనే "నాకు చదువరాలేదు" అని ఒప్పుకొని, రెండవ డిస్కునుండి పాఠము తెచ్చుకొననిచ్చును. తెలియనిదానిని తెలియదని వెంటనే చెప్పుట పండితులకే గాక డిస్కులకును గుణమే.

పై లెక్క ప్రకారము నాలుగు టెరాబైట్ల డిస్కులు రెండు చాలును. ప్రతిబింబముగా నుంచినప్పుడు రెండు కలిసి నాలుగే యగును, ఎనిమిది కాదు. కంప్యూటరులో చూచినప్పుడు అది 3.6 అని కనబడినచో మోసపోతిమని తలపరాదు. అమ్మువాడు వేయిచొప్పునను, కంప్యూటరు 1024 చొప్పునను లెక్కించుటచేత వచ్చిన భేదమది. రెండు డిస్కులను ఒకేనాడు ఒకే అంగడిలో ఒకే గుంపునుండి కొనకుండుట మేలు. ఒకే గుంపులో దోషమున్నచో రెండును దగ్గర దగ్గరగా పోవచ్చును.

మూడేండ్ల వారంటీ, అయిదేండ్ల వారంటీ అని వ్రాసియుండును. ఆ కాలములో చెడినచో క్రొత్త డిస్కు ఇత్తురు. అందులోని గ్రంథమును ఇయ్యరు. లక్షలకొలది డిస్కులను నడుపు బ్యాక్‌బ్లేజ్ అను అమెరికా సంస్థ 2013 నుండి తన డిస్కుల లెక్కలను ప్రకటించుచున్నది. 2024లో అక్కడ చెడినవి ఏడాదికి నూటికి 1.57 వంతు. చల్లని గదిలో నిరంతరము కావలియున్న డిస్కుల మాట ఇది. నూటికి ఒకటిన్నర స్వల్పమే. కాని డిస్కు ఒక్కటే ఉన్నవానికి శాతములతో పనిలేదు. వానికి ఉండుట, పోవుట అని రెండే.

సిద్ధాంతము

ఇక నా నిశ్చయము. రక్షణ పెట్టెవలన కలుగదు, ప్రతివలన కలుగును. ఆ ప్రతియు వేరు కాలమున తీసి, వేరు యింట ఉంచినది కావలెను. యంత్రవేత్తలు దీనినే మూడు, రెండు, ఒకటి అని సూత్రీకరించినారు: ప్రతులు మూడు, మాధ్యమములు రెండు, వాటిలో ఒకటి వేరుచోట.

వేరుచోట అను మాటను మనవారు తేలికగా తీసికొందురు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన తరువాత ఆ ప్రాంతమునకు వెళ్ళినవారిలో నేనొకడను. ఒక గృహస్థు తన తాతగారి గ్రంథమును జాగ్రత్తకొరకు రెండు ప్రతులు వ్రాయించి, రెండు పెట్టెలలో పెట్టియుంచెను. రెండు పెట్టెలును ఒకే యింటవి. ఇంటితోపాటు రెండును పోయినవి. 2004 జనవరి 5న పుణెలోని భాండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన మందిరముపై దాడి జరిగినప్పుడు గ్రంథములకు కలిగిన హానిని దేశమంతయు చూచినది. మహాభారత సంశోధిత ప్రతిని వెలువరించిన అట్టి మహాసంస్థకే తప్పని యాపద మన బీరువాకు తప్పునా? మరియొకవైపు, మెకంజీ దొర సేకరింపజేసిన తెలుగు కైఫీయతులు శిథిలములగుచుండగా సి.పి. బ్రౌను దొర వాటిని మరల కాగితములమీద వ్రాయించుట చేతనే వాటిలో అనేకము మనవరకు వచ్చినవి. మనకు దక్కిన వాఙ్మయమంతయు ఎవరో ఒకరు శ్రమించి రెండవ ప్రతి తీసినదే.

కావున ఆచరణక్రమమిది. పెట్టెలో ప్రతిబింబముగా రెండు డిస్కులు. అదిగాక విడిగా మరి రెండు డిస్కులు. వాటిలో ఒకటి ఎల్లప్పుడు వేరు ఊరిలో, నమ్మకమైన యింట ఉండవలెను. ఉగాదికొకసారి, దసరాలలో మూలానక్షత్రమున సరస్వతీపూజకొకసారి రెండవదానిలో క్రొత్త ప్రతి తీసి, ఆ యింటికి పంపి, అక్కడిది తెప్పించుకొనవలెను. ఆనాడు పుస్తకములకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కుదుము గదా. డిస్కును మాత్రము మ్రొక్కి విడువక, తెరచి చదివి చూడవలెను. నేను ఏడేండ్లు మ్రొక్కితిని; ఒకనాడును తెరువలేదు.

తెరచి చూచుటయన్న నాలుగు చిత్రములు చూచుట కాదు. ప్రతి దస్త్రమునకు షా-256 వంటి పద్ధతిలో చెక్‌సమ్ తీసి పట్టిక వ్రాసియుంచి, ప్రతి తీసినప్పుడెల్ల సరిపోల్చవలెను. ఇది పిల్లలు గడియలో నేర్చుకొను పని. అట్లే చిత్రములను టిఫ్ రూపమునను, పాఠమును యూనికోడ్‌లోను ఉంచవలెను. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థములేని గుర్తులుగా కనబడుట అందరికిని అనుభవమే. డిస్కు బ్రదికి అక్షరము చచ్చిన ఏమి లాభము?

ఆక్షేపసమాధానములు

ఇంత వ్యయము పెన్షనుమీద జీవించు పండితునకు సాధ్యమా అని కొందరు ఆక్షేపింతురు. సాధ్యము కానిచో పెట్టె కొనవలదు. ఇది నేను తడుముకొనక చెప్పుమాట. సామాన్యమైన బాహ్య డిస్కులు రెండు కొని, ఒకే గ్రంథరాశిని రెంటిలో ఎక్కించి, రెండు ఊళ్ళలో ఉంచి, ఏటికి రెండుసార్లు సరిచూచువాడు, ఖరీదైన పెట్టె కొని ఒక్కచోట ఉంచినవానికంటె సురక్షితుడు. పెట్టె సౌకర్యము, రెండవ యిల్లు రక్షణ. ధనము ఒక్కదానికే చాలినప్పుడు రక్షణనే కొనవలెను. అంగడివారు ఈ క్రమమును చెప్పరు.

రెండవ ఆక్షేపము సూక్ష్మమైనది: ఎన్ని చేసినను చూచువాడు లేనిచో వ్యర్థము గదా? నిజమే. అందుచేత పెట్టె సంకేతపదము, డిస్కులున్న యిండ్ల చిరునామాలు, ఏ ఫోల్డరులో ఏ గ్రంథమున్నదను సూచిక ఒక కాగితముమీద వ్రాసి, ఇంటి దస్తావేజులతో ఉంచవలెను. ఈ బాధ్యత ఎవరిదో పేరు పెట్టి నిర్ణయింపవలెను. అందరిదనినచో ఎవ్వరిదియు కాదు.

మూలములను నిర్లక్ష్యము చేయుదురేమో యను శంకయు కలదు. మా యింట అదియే జరిగినది. చిత్రములున్నవను ధీమాతో కాగితపు పుస్తకమునకు చెదలమందు వేయింపనైతిని. ఆకు నూరేండ్లు, ఇన్నూరేండ్లు నిలిచినవి మన కన్నులయెదుటనే యున్నవి. అన్నియేండ్లు నిలిచిన డిస్కు ఇంకను పుట్టలేదు. పదియేండ్లలోపున డిస్కును మార్చి క్రొత్తదానిలోనికి ఎత్తుకొనుచుండవలెను. మూలమునకు చిత్రము తోడే గాని బదులు కాదు.

విన్నపము

ప్రాచ్యకళాశాలలకు ఒక విన్నపము చేసి విరమింతును. పండితులందరికిని వేరు ఊరిలో నమ్మకమైన యిల్లు దొరకదు. ప్రతి ప్రాచ్యకళాశాల తన గ్రంథాలయములో ఒక బీరువా కేటాయించి, చుట్టుప్రక్కల పండితగృహముల డిస్కులకు ఆ రెండవ యిల్లు తాను కావచ్చును. కళాశాల ఆ గ్రంథములను ప్రకటింప నక్కరలేదు, తెరువ నక్కరలేదు. రసీదు ఇచ్చి ఉంచుకొని, ఉగాదికి, దసరాకు మార్పించినచో చాలును. దీనికి కావలసినది ఒక నమోదుపుస్తకము, ఒక శ్రద్ధగల గ్రంథపాలకుడు. విద్యార్థులకు చెక్‌సమ్ సరిచూచుట నేర్పినచో పాఠపరిష్కరణమునకు అది తొలిమెట్టు కూడ అగును.

మా గురువుగారి టిప్పణిలో మిగిలిన 31 పత్రముల పాఠమును సహాధ్యాయి నోటుపుస్తకమునుండి నేనే యూనికోడ్‌లో టైపు చేసితిని. నాకు పట్టిన కాలము అయిదు నెలలు. ఆ ప్రతి ఇప్పుడు మా యింట ఒకటి, సహాధ్యాయి కుమారుని యింట ఒకటి, విద్యార్థి యొకని యొద్ద ఒకటి ఉన్నది. పోయిన 55 పత్రములలో కారకప్రకరణముపై గురువుగారు చూపిన సమాధానము లేమో నాకు లీలగా జ్ఞాపకమున్నవి గాని, పంక్తులు లేవు. జ్ఞాపకమున్నంతమేర వేరుగా వ్రాసి, గురువుగారి మాట కాదని స్పష్టముగా పేర్కొని చేర్చుచున్నాను. ఈ వ్యాసము చదివిన వారిలో ఒక్కరైనను ఈ దినముననే తమ బీరువాలోని డిస్కును తెరచి చూచి, రెండవ ప్రతి తీయుదురేని, నా శ్రమ ఫలించినట్లే.